ఒకరు ఇల్లు అమ్ముకుని వచ్చారు, ఒకరు విమానం టికెట్టు అప్పుతో వచ్చారు

ప్రశ్న: మేము లాస్ ఏంజెలిస్ పక్కన పదమూడేళ్ళుగా ఉంటున్నాం. మా వారూ నేనూ ఉద్యోగాలు చేస్తున్నాం. రెండేళ్ళ కిందట కొన్న రెండో ఇంటిని అద్దెకు ఇద్దామని ప్రకటన ఇస్తే రెండు దరఖాస్తులు వచ్చాయి. ముందు వచ్చింది ఇథియోపియా కుటుంబానిది. భర్త ట్రక్కు నడుపుతారు, భార్య నర్సు, ఇద్దరు చిన్నపిల్లలు. ఇద్దరి జీతాలూ కలిపితే అద్దెకు 3.4 రెట్లు. మూడు రోజుల తర్వాత ఇరాన్ నుంచి చదువుకు వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరిన ఒక యువ ఇంజనీరు దరఖాస్తు పెట్టాడు. అతని జీతం అద్దెకు 3.1 రెట్లు. ఇరువురి క్రెడిట్ స్కోరూ బాగానే ఉంది. మా బావగారు, అంటే మా వారి అన్నగారు, పాతికేళ్ళుగా అమెరికాలో ఉన్నారు. ఇళ్ళ వ్యవహారాల్లో మా ఇంట్లో ఆయన మాటే చెల్లుతుంది. "ఇరానీలు డబ్బున్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. వెస్ట్‌వుడ్ వెళ్ళి వాళ్ళ పేట చూడండి. ఆఫ్రికా వాళ్ళ సంస్కృతిలోనే పైకి రావాలన్నది లేదు. తప్పకపోతే ఇవ్వండి గానీ అడ్వాన్సు రెట్టింపు తీసుకోండి" అన్నారు. పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి అది విని, "మరి మనల్ని కూడా వెనకాల ఇలాగే మూట కట్టి మాట్లాడతారా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఇద్దరూ వలస వచ్చినవాళ్ళే అయినప్పుడు ఒకరు అంత పైన, ఒకరు ఇంత కింద ఎందుకున్నారు? అది నిజంగా సంస్కృతిలో ఉందా? బావగారి మనసు నొప్పించకుండా ఏం చేయమంటారు?
(ఒక పాఠకురాలు, దక్షిణ కాలిఫోర్నియా)

సమాధానం: అమ్మా, ముందు ఇంటి సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే అందులో తర్జనభర్జన పడవలసింది ఏమీ లేదు. అద్దెకు వచ్చేవారి జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు కాదనడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం చట్టవిరుద్ధం. పిల్లలున్నారన్న కారణంతో కాదనడం కూడా 1988 నుంచి అంతే. ఒకరి దగ్గర ఒక నెల అడ్వాన్సు, ఇంకొకరి దగ్గర దానికి రెట్టింపు అన్న బావగారి సలహా అయితే మరీ ప్రమాదకరం, అది వివక్షకు మీరే రాసి ఇచ్చిన సాక్ష్యం అవుతుంది. దరఖాస్తు రుసుము తీసుకునే యజమాని, దరఖాస్తులను వచ్చిన వరుసలో పరిశీలించి, ముందే ప్రకటించిన షరతులకు తూగిన మొదటివారికి ఇల్లు ఇవ్వాలని, లేదా ఎంపిక కానివారికి రుసుము తిరిగి ఇచ్చేయాలని కాలిఫోర్నియా చట్టం 2025 నుంచి చెబుతోంది. మీరు రాసిన లెక్కల ప్రకారం ముందు వచ్చినదీ, షరతులకు తూగినదీ ఇథియోపియా కుటుంబమే. పైగా బావగారు ఆ కాగితాలు చూడకుండానే తీర్పు చెప్పినట్టున్నారు: ఇద్దరిలో ఆదాయం ఎక్కువగా ఉన్నది ఆయన వద్దన్నవారికే.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. బావగారు కళ్ళతో చూసింది అబద్ధం కాదు, దానికి ఆయన చెప్పిన కారణంతోనే నా పేచీ. అమెరికాలో ఇరాన్‌లో పుట్టినవారు నాలుగు లక్షలకు కొంచెం తక్కువ, అందులో సగానికి పైగా కాలిఫోర్నియాలోనే ఉన్నారు. వారిలో పెద్దవయసు వారిని లెక్కవేస్తే దాదాపు పదిమందిలో ఆరుగురికి డిగ్రీ ఉంది, కుటుంబాల ఆదాయం దేశపు మధ్యస్థ ఆదాయం కన్నా ఎక్కువ. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవారు 1980లో లక్షా ముప్ఫైవేలు ఉంటే 2019 నాటికి ఇరవై లక్షలు దాటారు. వీరిలో డిగ్రీ ఉన్నవారు నూటికి నలభైమందికి పైనే. అమెరికాలో పుట్టి పెరిగినవారిలో ఆ లెక్క మూడోవంతు మాత్రమే కాబట్టి, చదువు లేనివాళ్ళన్న మాట ఇక్కడే వీగిపోతుంది. అయినా వీరి కుటుంబాల ఆదాయం దేశపు మధ్యస్థ ఆదాయం కన్నా కాస్త తక్కువ. చదువేమో ఎక్కువ, ఆదాయమేమో తక్కువ: ఆ రెండింటికీ మధ్య ఉన్న సందులోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది, దాని దగ్గరకు తర్వాత వస్తాను. మిగతా సగం ఎవరు ఏ తలుపులోంచి వచ్చారన్న దానిలో ఉంది.

ఇరానీల తలుపు ఎలాంటిదో చూడండి. 1973 తర్వాత చమురు ధర పెరిగి ఇరాన్‌లో డబ్బు పొంగినప్పుడు, అక్కడి పై తరగతి, మధ్యతరగతి కుటుంబాలు పిల్లల్ని అమెరికా చదువులకు పంపడం మొదలుపెట్టాయి. 1979-80 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఇరానీ విద్యార్థులు యాభైవేల పైచిలుకు. అప్పట్లో మరే దేశం నుంచీ అంతమంది లేరు. అంతలో 1979 ఇస్లామిక్ విప్లవం వచ్చింది. తిరిగి వెళ్ళవలసిన విద్యార్థులు ఇక్కడే నిలిచిపోయారు, వారి వెనకే తల్లిదండ్రులు, మేనమామలు వచ్చారు. 1978, 79లలో దేశం విడిచినవారిలో సైన్యాధికారులు, మిల్లుల యజమానులు, డాక్టర్లు, బ్యాంకుల్లో పెద్ద ఉద్యోగులు ఉన్నారు. కొత్త ప్రభుత్వం కింద బతకడం కష్టమని గ్రహించిన యూదులు, ఆర్మేనియన్ క్రైస్తవులు, బహాయీ మతస్థులు ఉన్నారు. విప్లవానికి ముందు డాలరుకు దాదాపు 70 రియాళ్ళు. ఆ ధరకు టెహ్రాన్‌లో ఇల్లు అమ్మి డాలర్లు కొనుక్కున్నవారికి లాస్ ఏంజెలిస్‌లో ఇంకో ఇల్లు దొరికింది, కొందరికి దుకాణం కూడా దొరికింది. డౌన్‌టౌన్‌లోని బట్టల హోల్‌సేల్ వీధులు, నగల అంగళ్ళు అలా వారి చేతుల్లోకి వచ్చాయి. అదే ఇల్లు పదేళ్ళు ఆగి అమ్మినవారి సంగతి వేరు: 1980ల చివరికి నల్లబజారులో డాలరు వెయ్యి రియాళ్ళు దాటింది. అంటే ఇరానీల్లోనే ముందు బయటపడినవారికీ ఆలస్యంగా బయటపడినవారికీ మధ్య పదింతలకు మించిన తేడా ఒక్క మారకపు ధరలోనే ఉంది. బావగారు వెస్ట్‌వుడ్‌లో చూసిన కలిమిలో చాలాభాగం ఆ మొదటి రెండేళ్ళలో సూట్‌కేసులతోపాటు దిగిన కలిమి, మిగతాది దాని మీద కట్టుకున్నది. బెవర్లీ హిల్స్‌కు 2007లో మేయరైన జిమ్మీ డెల్‌షాద్ కూడా విప్లవానికి చాలా ముందే ఇరాన్ నుంచి వచ్చి ఇక్కడ చదువుకున్నవారే.

ఇందులో మనం చూడనివారు ఇంకొందరు ఉన్నారు. దక్షిణ టెహ్రాన్ బస్తీల్లో రోజుకూలీ చేసుకునేవాడు వెస్ట్‌వుడ్ దాకా రాలేదు, రావడానికి అతనికి దారి లేదు. 1979 నవంబరు నుంచి టెహ్రాన్‌లో అమెరికా దౌత్య కార్యాలయమే లేదు. వీసా కావాలంటే అంకారాకో, దుబాయికో, యెరెవాన్‌కో సొంత ఖర్చుతో వెళ్ళి, హోటల్లో ఉండి, పిలుపు కోసం కాచుకోవాలి. అంత జల్లెడ పట్టాక మిగిలినవారిని చూసి, ఇరానీలంటేనే ఇంత అనుకోవడం, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ముందు నిలబడి తెలుగువాళ్ళందరూ ప్రోగ్రామర్లే అనుకున్నట్టు ఉంటుంది.

ఆఫ్రికా విషయంలో ఒక తలుపు లేదు, కనీసం మూడు ఉన్నాయి, ఒక్కోదాన్ని ఒక్కో రకం మనుషులు దాటారు. నైజీరియా, ఘానా, కెన్యాల నుంచి వచ్చినవారిలో చాలామంది చదువు కోసం, నర్సు, డాక్టరు ఉద్యోగాల కోసం వచ్చినవారు. నైజీరియన్లలో డిగ్రీ ఉన్నవారు నూటికి అరవైకి పైనే, అంటే ఇరానీలతో సమానంగా ఉన్నారు. హ్యూస్టన్‌లో ఉండే మనవాళ్ళను అడగండి, తమ డాక్టర్లలో, ఫార్మసిస్టుల్లో నైజీరియన్లు ఎంతమందో చెబుతారు. రెండోది గ్రీన్ కార్డు లాటరీ. 1990 నాటి వలస చట్టంతో పుట్టి, 1995 నుంచి 2025 చివర్లో నిలిపివేసేదాకా నడిచిన ఈ పద్ధతిలో, అమెరికాకు వలస తక్కువగా ఉన్న దేశాలవారికి ఏటా యాభైవేల వరకూ వీసాలు ఇచ్చేవారు. హైస్కూలు చదువో, శిక్షణ కావలసిన పనిలో రెండేళ్ళ అనుభవమో ఉంటే సరిపోయేది. మన దేశం నుంచి వలస ఇప్పటికే ఎక్కువ కనుక మనవాళ్ళకు అందులో చోటు లేదు, అందుకే మన ఇళ్ళలో దాని మాట వినపడదు. ఇథియోపియా వారిలో ఎందరో ఆ లాటరీలో వచ్చినవారే, అంతకు ముందు 1974లో అధికారానికి వచ్చిన సైనిక ప్రభుత్వాన్ని తప్పించుకుని, సూడాన్ మీదుగా శరణార్థులుగా వచ్చినవారు ఇంకొందరు.

మూడోది సోమాలీల తలుపు, అందరికన్నా ఇరుకైనది అదే. 1991లో సోమాలియాలో ప్రభుత్వం కూలి అంతర్యుద్ధం చెలరేగాక లక్షల మంది కెన్యా సరిహద్దు దాటి దదాబ్ శిబిరాల్లో తలదాచుకున్నారు. అక్కడ కొన్ని కుటుంబాలు ఏళ్ళు కాదు, దశాబ్దాలు గడిపాయి. శిబిరంలో పుట్టి శిబిరంలోనే పెరిగిన పిల్లవాడు పదహారేళ్ళకు అమెరికాలోని మినియాపొలిస్ విమానాశ్రయంలో దిగితే, అతన్ని వయసును బట్టి నేరుగా హైస్కూలు తరగతిలో కూర్చోబెడతారు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకొకటి ఉంది: శరణార్థిగా వచ్చేవారికి విమానం టికెట్టు ఊరికే ఇవ్వరు, అప్పుగా ఇస్తారు, దిగిన ఆరు నెలల నుంచి వాయిదాలు మొదలవుతాయి. ఇంటిల్లిపాదీ ఆరుగురు వస్తే ఆరు టికెట్ల అప్పు. అలాంటి కుటుంబాన్నీ, 70 రియాళ్ళ ధరకు డాలర్లు కొనుక్కుని వచ్చిన కుటుంబాన్నీ ముప్ఫై ఏళ్ళ తర్వాత పక్కపక్కన నిలబెట్టి ఎవరు ఎంత దూరం వచ్చారని అడిగితే, ముందు ఎవరు ఎక్కడ బయలుదేరారో చెప్పాలి కదా.

ఇదంతా సర్దిచెప్పుకోవడమే, అసలు కారణం సంస్కృతేనని బావగారు అనవచ్చు. అలా అయితే ఒక పరీక్ష పెడదాం. సంస్కృతే కారణమైతే, అదే మనుషులు ఏ దేశం వెళ్ళినా అదే ఫలితం రావాలి. 1990 ప్రాంతంలో ఇరానీలు జపాన్ వెళ్ళారు. ఆ రోజుల్లో వారికి అక్కడ వీసా అక్కర్లేదు. ఇరాక్‌తో యుద్ధం ముగిసి ఊళ్ళో పనులు దొరకని యువకులు వేలకొద్దీ టోక్యో చేరి, కట్టడం పనుల్లో, చిన్న ఫ్యాక్టరీల్లో కూలీలుగా కుదిరారు. ఆదివారాలు ఉయెనో పార్కులో, యొయోగి పార్కులో గుంపులుగా కూడేవారు, కొందరు ఫోను కార్డులు అమ్ముకునేవారు. 1992 ఏప్రిల్‌లో జపాన్ ఆ వీసా సడలింపును ఆపేసింది. ఆనాటి టోక్యో పౌరుణ్ణి ఇరానీలు ఎలాంటివాళ్ళని అడిగితే, బావగారు ఆఫ్రికా వాళ్ళ గురించి ఏమన్నారో అతను అదే అనేవాడు. ఇంకా వెనక్కి వెళ్తే, 20వ శతాబ్దం మొదట్లో బాకూ చమురు బావుల్లో మట్టి పనీ మోత పనీ చేసినవారిలో ఇరానీ వలస కూలీలు వేలల్లో ఉన్నారు.

అంతదూరం ఎందుకు, మన హైదరాబాదే ఉంది. ఇరానీ హోటళ్ళు పెట్టినవారి పెద్దలు యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో బొంబాయి, పుణే మీదుగా వచ్చినవారు. వారిలో చాలామంది కరువుకు, లేమికి ఊరు విడిచిన పేదలు, చేతిలో ఏమీ లేక ఇంకొకరి హోటల్లో కప్పులు కడిగి, ఆ తర్వాత మూల మలుపులో ఒక కొట్టు సంపాదించుకున్నవారు. చదువుకునే రోజుల్లో అలాంటి ఒక హోటల్లో గల్లా దగ్గర కూర్చునే పెద్దాయనను, మీ దేశంలో చాయ్ ఇంత చిక్కగానే ఉంటుందా అని అడిగాను. ఆయన నవ్వి, తమ దేశంలో చాయ్‌లో పాలే పోయరని, పంటికింద చక్కెర గడ్డ పెట్టుకుని డికాషన్ తాగుతారని, పాలు పోయడం ఇక్కడ గిరాకీ కోసం నేర్చుకున్నామని చెప్పాడు. లాస్ ఏంజెలిస్ మేడల్లో ఉన్నదీ, ఆ గల్లా పెట్టె వెనక ఉన్నదీ ఒకే సంస్కృతి.

సోమాలీలకూ ఇదే పరీక్ష పెట్టండి. మినియాపొలిస్‌లో టాక్సీలు నడిపి, మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసే సోమాలీలే, కెన్యా రాజధాని నైరోబీలోని ఈస్ట్‌లీ పేటకు వెళ్తే బట్టలూ బంగారమూ ఎలక్ట్రానిక్సూ టోకున అమ్మే షావుకార్లు. ఊరివాళ్ళే వారి వ్యాపార దక్షత చూసి కుళ్ళుకుంటారు. మనిషి ఒకడే, మతం ఒకటే, పెళ్ళి పద్ధతి ఒకటే. మారినదల్లా తెలిసిన భాష, దగ్గర ఉన్న బంధువులు, చేతికి అందిన పెట్టుబడి.

ఇక్కడ కాస్త దారి తప్పుతాను, దక్కను చరిత్ర చదివినవాణ్ణి కనుక మన్నించండి. ఇరాన్ వలసకూ ఆఫ్రికా వలసకూ మధ్య ఈ ఎత్తుపల్లాలు మన నేల మీద అయిదారు వందల ఏళ్ళ కిందటే ఉన్నాయి. బహమనీ రాజ్యంలో ఇరాన్ వైపు నుంచి వచ్చినవారిని ఆఫాకీలనేవారు. వారు వర్తకులుగా, పండితులుగా, దస్తావేజులు రాసే అధికారులుగా వచ్చారు, కొలువులో నడిచే భాష వారి పారశీకమే. గీలాన్ నుంచి వచ్చిన మహమూద్ గవాన్ వజీరయ్యాడు. అదే సమయంలో ఇథియోపియా వైపు నుంచి హబ్షీలను బానిసలుగా కొని తెచ్చి సైన్యంలో చేర్చేవారు. కొలువులో కక్షలు ముదిరినప్పుడు హబ్షీలు స్థానిక దక్కనీల పక్షం నిలిచారు, వారికి వెనక దేశమూ లేదు, బంధువులూ లేరు కాబట్టి ఇక్కడివారితో కలవడమే వారికి బలం. 1481లో గవాన్ దొంగ ఉత్తరం కుట్రకు బలయ్యాడు. హబ్షీల నుంచి కూడా మాలిక్ అంబర్ వంటివాడు అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించే స్థాయికి ఎదిగాడు గానీ, అతను బయలుదేరింది బానిసల సంత నుంచి. తర్వాతి కాలంలో హైదరాబాదు నగరానికి రూపం గీసిన మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చి కుతుబ్‌షాహీ పేష్వా, అంటే ప్రధానమంత్రి, అయినవాడు. నిజాం సైన్యంలో గుర్రాలెక్కి కాపలా కాసిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే పేటకు మిగిలింది. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిశాక ఆ దళం పోయింది, జీతం పోయింది, ఆ కుటుంబాల పిల్లల్లో కొందరు పెళ్ళిళ్ళలో మర్ఫా అనే డప్పు మేళం వాయించి పొట్టపోసుకున్నారు. ఏసీ గార్డ్స్ మీదుగా బస్సులో వెళ్ళే ఎంతమందికి ఆ రెండు అక్షరాల అర్థం తెలుసో నాకు అనుమానమే.

మళ్ళీ అమెరికాకు వస్తే, చదువు ఎక్కువ, ఆదాయం తక్కువ అన్న చిక్కు ఇంకా మిగిలే ఉంది. అది లోపలికి వచ్చాక జరిగే సంగతి. అడిస్ అబాబాలో అకౌంటెంటుగా పనిచేసినవారి డిగ్రీకి ఇక్కడ విలువ కట్టేవారు దొరకరు, కాబట్టి ముందు పార్కింగ్ లాటులో పని, ఆ తర్వాత ట్రక్కు లైసెన్సు. ఇది ఇరానీ డాక్టర్లకూ తప్పలేదు, స్వీడన్‌లో పట్టాలున్న ఇరానీలు టాక్సీ నడిపిన కథలు ఎన్నో ఉన్నాయి. కానీ ఆఫ్రికా నుంచి వచ్చినవారికి దీని మీద ఇంకో బరువు పడుతుంది. విమానం దిగేదాకా ఇథియోపియన్‌గా, నైజీరియా ఇగ్బోగా, ఘానా అకాన్‌గా ఉన్న మనిషి దిగిన మర్నాటి నుంచి నల్లవాడు. ఆ రంగుకు ఈ దేశంలో ఉన్న చరిత్ర మొత్తం, అతనికి దానితో ఏ సంబంధమూ లేకపోయినా, ఇంటి అప్పు అడిగినచోట, ఉద్యోగం అడిగినచోట, రోడ్డు మీద పోలీసు ఆపినచోట అతనికి తగులుతుంది. ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్నా జీతాల్లో తేడా ఎందుకు వస్తోందన్న దానికి ఇది ఒక్కటే కారణం కాకపోవచ్చు గానీ, దీన్ని వదిలేసిన లెక్క లెక్క కాదు. ఇరానీలను అమెరికా జనాభా లెక్కలు ఇంతకాలం తెల్లవారి గడిలోనే రాశాయి. మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా అనే వేరే గడి పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది 2024 మార్చిలోనే.

దాని అర్థం ఇరానీలకు పూలబాట పరిచారని కాదు. 1979 నవంబరు నుంచి 444 రోజులు టెహ్రాన్‌లో అమెరికా దౌత్య సిబ్బంది బందీలుగా ఉన్న కాలంలో ఇక్కడి ఇరానీలు పడ్డ అవమానాలు చిన్నవి కావు. విద్యార్థులందరూ వలస కార్యాలయానికి వచ్చి కాగితాలు చూపించాలని ప్రభుత్వం ఆజ్ఞ జారీ చేసింది. తాము ఇరానీలమని చెప్పుకోకుండా పర్షియన్లమని చెప్పుకునే అలవాటు ఇక్కడ బాగా నాటుకున్నది అప్పుడే. 2017 జనవరిలో వచ్చిన ప్రయాణ నిషేధపు జాబితాలోనూ, 2025 జూన్‌లో వచ్చిన జాబితాలోనూ ఇరాన్, సోమాలియా రెండూ ఉన్నాయి. ధనవంతుల తలుపూ పేదల తలుపూ ఆ రోజు ఒకేసారి మూతపడ్డాయి.

సంస్కృతికి అసలు పాత్రే లేదని నేను అనను. అప్పు ఇచ్చే బంధువు, ఉద్యోగం చెప్పే ఊరివాడు, పిల్లల చదువు మీద తల్లి పట్టుదల, ఇవన్నీ నిజమైన ఆస్తులే. అయితే అవి ఒక్కరి సొత్తు కావు. ఇథియోపియన్లలో ఎకుబ్ అని ఒక పద్ధతి ఉంది. పదిమందో ఇరవైమందో కలిసి నెలకింత వేసుకుని, చీటీ తీసి ఒక్కొక్కరికి మొత్తం ఇస్తారు. దాంతోనే ట్రక్కు మొదటి వాయిదా, హోటలు అడ్వాన్సు కడతారు. మన చీటీలు చూసినవారికి వేరే వివరించనక్కర్లేదు. ఫెయిర్‌ఫాక్స్ అవెన్యూ మీద 2002లో నగరపాలన లిటిల్ ఇథియోపియా అని పేరు పెట్టిన వీధిలో, ఆ హోటళ్ళ ముందు ఒక శనివారం సాయంత్రం నడిచి చూడండి. బావగారిని కూడా తీసుకెళ్ళండి, ఇంజెరా మన అట్టుకు దగ్గరి చుట్టమే కనుక ఆయనకు నచ్చే అవకాశం ఉంది.

మీ అమ్మాయి అడిగినదానికి జవాబు: అవును, మనల్నీ అలాగే మాట్లాడతారు, ఇప్పటికి మనకు అనుకూలంగా మాట్లాడుతున్నారు కాబట్టి మనకు వినపడటం లేదు. తెలుగువాళ్ళంటే డాలస్‌లో ఒక అర్థం, కువైట్‌లో ఒక అర్థం. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ల నుంచి దుబాయి కట్టడాల మీదకు వెళ్ళిన మగవాళ్ళు మనవాళ్ళే, అదే ఉగాది పచ్చడి తిన్నవాళ్ళే. అక్కడి యజమాని తన పిల్లలకు తెలుగువాళ్ళ గురించి ఏం చెబుతాడో మీ అమ్మాయిని ఊహించమనండి. పన్నెండో తరగతి పిల్ల కదా, ఆ మాత్రం ఊహ ఉంటుంది. మీ బావగారు వచ్చి పాతికేళ్ళంటున్నారు. ఆయన వచ్చిన రోజుల్లో అమెరికా ఏటా ఇచ్చే హెచ్-1బి వీసాల పరిమితిని 1,95,000కు పెంచింది, 2004 నుంచి అది మళ్ళీ 65,000కు పడిపోయింది. ఆయన తెలివినీ కష్టాన్నీ నేను తక్కువ చేయను. అంతే తెలివి, అంతే కష్టం ఉండి అయిదేళ్ళు ఆలస్యంగా పుట్టిన ఆయన పెదనాన్న కొడుకో, క్లాసుమేటో ఎవరో ఒకరు ఇంకా హైదరాబాదులోనే ఉండి ఉంటారు, ఆయనకే పేరు గుర్తుంటుంది.

అయితే ఈ మాటలన్నీ ఆయన ముందు మీరు ఏకరువు పెట్టకండి. కుటుంబంలో పెద్దవాడి అభిప్రాయం తప్పని మరదలు నిరూపించడం వల్ల అభిప్రాయం మారదు, రాకపోకలు తగ్గుతాయి, అంతే. మీ వారి చేత చెప్పించండి, అదీ సంస్కృతి గురించి కాకుండా కాగితం గురించి చెప్పించండి: "అన్నయ్యా, వరుసలో ముందు వాళ్ళది వచ్చింది, జీతం కూడా వాళ్ళదే ఎక్కువ, కాదంటే రేపు ఫిర్యాదు వస్తే మనం నిలబడలేం." ఆయన వ్యవహారం తెలిసినవాడు, ఆ భాష ఆయనకు వెంటనే అర్థమవుతుంది. అడ్వాన్సు అందరికీ ఎంత అనుకున్నారో అంతే తీసుకోండి. 2024 జూలై నుంచి దానికి ఒక నెల అద్దె పరిమితి ఉంది, మీలాంటి చిన్న యజమానులకు కొన్ని షరతులతో రెండు నెలలు. మీరు దేని కిందకు వస్తారో ఒకసారి వకీలును అడిగి రాసి పెట్టుకోండి. వచ్చే ఏడు ఇంకెవరైనా శరణార్థి కుటుంబం క్రెడిట్ చరిత్ర ఏమీ లేకుండా వస్తే జీతపు చీటీలు, బ్యాంకు కాగితాలు, పాత యజమాని ఉత్తరం చూసి ఇవ్వవచ్చు, ఆ వెసులుబాటు అందరికీ ఒకేలా ఉంటే చాలు.

ఆ ఇరానీ కుర్రవాడి సంగతి కూడా ఒక్క మాట. బావగారి ఊహలో అతను వెస్ట్‌వుడ్ షావుకారు కొడుకు. నిజానికి ఇప్పుడు చదువుకు వచ్చే ఇరానీ పిల్లలకు, ఆంక్షల వల్ల, ఇంటి నుంచి బ్యాంకులో డబ్బు రావడమే కష్టం, రియాలు విలువ అడుగంటింది కనుక వచ్చినా అది నాలుగు రోజుల ఖర్చుకు చాలదు. అతనికి ఉన్నది మీకు కాగితం మీద చూపిన జీతమే. ఇల్లు వేరేవారికి ఖాయమైందని అతనికి ఈ వారంలోనే ఉత్తరం రాయండి, రుసుము తీసుకుని ఉంటే దాంతోపాటే వెనక్కి పంపండి. నెలాఖరుకు పాత ఇల్లు ఖాళీ చేయవలసినవాడైతే అతనికి ప్రతి రోజూ లెక్కే.